రేడియో తారల చిరునామా

రేడియోపెట్టె ముల్లును రెండు స్టేషనుల నడుమ నిలిపినపుడు వినవచ్చు చిరుసవ్వడి గృహస్థులకు క్రొత్త కాదు. అందు పెక్కుభాగము దూరపు ఉరుములది, ఇరుగుపొరుగు మోటారులది, పెట్టెలోని సామగ్రిది. మిగిలిన కొంచెము మాత్రము భూమిమీదిది కాదు, నక్షత్రమండలములనుండి దిగివచ్చినది. "ఆకాశవాణి" అను పేరును అక్షరాల సార్థకము చేయు ఆ సవ్వడి ఎచ్చటినుండి వచ్చుచున్నదని ప్రశ్నించుటతో రేడియో ఖగోళశాస్త్రము పుట్టినది. ప్రశ్న చిన్నది. జవాబునకు తొంబది ఏండ్లు పట్టినది. పొడవైన తరంగముల విషయమున నేటికిని ఆ పని సాగుచునే ఉన్నది. ఆ కథలో ఒక అధ్యాయము మన శ్రీహరికోట అక్షాంశరేఖమీదనే నడచినది.

అమెరికాలో బెల్ టెలిఫోను సంస్థవారు అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలివారితో రేడియోద్వారా మాటలాడు ఏర్పాటు చేసియుండిరి. ఆ సంభాషణలకు అడ్డుతగులు గరగరధ్వనికి మూలమేదో కనుగొనుమని కార్ల్ జాన్‌స్కీ అను యువ ఇంజనీరునకు పని అప్పగించిరి. ఆయన 20.5 మెగాహెర్ట్‌జుల (వెనుకటి వాడుకలో మెగాసైకిళ్ల) పౌనఃపున్యమున పనిచేయు పెద్ద ఏరియలు నిర్మించి, దానిని ఫోర్డు కారు చక్రములమీద నిలిపి గుండ్రముగ త్రిప్పుచు వినెను. ఉరుములను వేరుచేసిన పిమ్మట సన్నని బుస యొకటి మిగిలినది. అది దినదినము నాలుగు నిమిషములు ముందుగ వచ్చుచుండెను. సూర్యుని అనుసరించునది ఇరువదినాలుగు గంటలకొకమారు రావలెను. నాలుగు నిమిషములు ముందు వచ్చునది నక్షత్రములతోపాటు తిరుగునదే. ఆ బుస పాలపుంతనుండి, అందును ధనూరాశివైపునుండి, వచ్చుచున్నదని 1933లో ఆయన ప్రకటించెను.

అయితే ఆ "వైపు" అనుమాటలో పదుల డిగ్రీల సందేహము ఇమిడియున్నది. ఒక ఆసామి ఫలానా జిల్లాలో ఉన్నాడనుటకును, ఫలానా వీధిలో ఫలానా ఇంట ఉన్నాడనుటకును ఎంత భేదమున్నదో ఇందును అంత భేదమున్నది. జిల్లా తెలిసినంతమాత్రమున ఉత్తరము చేరదు. రేడియో ధ్వనికి చిరునామా తెలియనిదే దానిని ఏ నక్షత్రమునకు, ఏ నీహారికకు అంటగట్టవలెనో కంటితో చూచు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు చెప్పజాలడు.

ఈ మసకకు కారణము తరంగముల పొడవు. మన సిద్ధాంతగ్రంథములు డిగ్రీని అరువది కళలుగను, కళను అరువది వికళలుగను విభజించినవి. నిండుచంద్రుని వెడల్పు సుమారు 31 కళలు. మంచి కంటికి ఒక కళ ఎడమున్న రెండు చుక్కలు విడివిడిగ కనబడును. ఏ పరికరమైనను ఎంత సూక్ష్మముగ చూడగలదన్నది తరంగదైర్ఘ్యమును పరికరపు వెడల్పుచే భాగించిన తెలియును. జాన్‌స్కీ విన్న తరంగముల పొడవు సుమారు 15 మీటర్లు. వానితో మన కంటిపాటి చూపు రావలెనన్న ఏరియలు వెడల్పు 50 కిలోమీటర్లు ఉండవలెను; అనగా ఇంచుమించు సూళ్లూరుపేటనుండి గూడూరుదాక! అంత పళ్లెము ఎవ్వరును పోతపోయలేరు.

కాని అంత స్థలమును నింపవలసిన పనిలేదు. రెండు కొనలయందు రెండు ఏరియళ్లు నిలిపి, వానిని కలిపినను చాలును. ఆకాశమున ఒకవైపునుండి వచ్చు తరంగము ఒక ఏరియలును ముందుగను, రెండవదానిని కొంచెము వెనుకగను తాకును. రెండింటిని కలిపినపుడు ఎత్తుమీద ఎత్తు పడినచో ధ్వని హెచ్చును. ఎత్తుమీద పల్లము పడినచో తగ్గును. భూమి తిరుగుచుండగా ఈ హెచ్చుతగ్గులు అలలవలె సాగును. అలలను లెక్కించిన తరంగము వచ్చిన దిశ తెలియును. దీనికే వ్యతికరణమాపకమని పేరు. నేటి రేడియో ఖగోళశాస్త్రమంతయు ఈ యొక్క సూత్రముమీద నిలిచియున్నది.

తొలిదినములలో ఈ రెండవ ఏరియలును సముద్రమే ఉచితముగ సమకూర్చినది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరము తూర్పుకొనన డోవర్ హైట్స్ అను కొండకొమ్ము కలదు. సముద్రమునకు సుమారు 80 మీటర్ల ఎత్తున, యుద్ధకాలమున రాడారు నిలిపిన తావది. తూర్పున సూర్యుడో, తారయో ఉదయించునపుడు దాని తరంగములు కొన్ని సూటిగను, కొన్ని నీటిమీద ప్రతిఫలించియు ఏరియలును చేరును. నీటియద్దములోని ప్రతిబింబమే రెండవ ఏరియలు పని చేయును! శ్రీహరికోట తీరమున నిలిచి బంగాళాఖాతముమీద సూర్యోదయమును చూచినవారికి, కెరటములపై పరచుకొను ఆ వెలుగుబాట తెలియును. సిడ్నీవారు ఆ బాటనే రేడియోతో కొలిచిరి. మన ఇసుకదీవికి కొండకొమ్ము లేదు కాని, మొదటి ప్రయోగవేదికకడ రాకెట్టును అమర్చు సేవాగోపురము 76 మీటర్ల ఎత్తున ఇంచుమించు డోవర్ హైట్స్‌కు సాటివచ్చును. ఊహకు ఇది చాలును.

1946లో పాసీ, మెక్రెడీ, రూబీ పేన్-స్కాట్ అను ముగ్గురు ఈ ఉపాయముతో సూర్యుని కొలిచి, ఆ ధ్వని సూర్యబింబమంతటినుండియు కాక మచ్చలగుంపునుండి వచ్చుచున్నదని తేల్చిరి. రేడియో ఖగోళశాస్త్రమున తొలి మహిళ పేన్-స్కాట్. ఆమె గణితప్రజ్ఞకు దక్కవలసినంత పేరు చాలకాలము దక్కలేదు. వారి వెనుక జాన్ బోల్టన్, గోర్డన్ స్టాన్లీ, బ్రూస్ స్లీ అనువారు నక్షత్రములవైపు తిరిగిరి. క్షితిజమునకు దగ్గరగ వచ్చు తరంగము వాయువులో వంగును. కావున తొలి లెక్కలను సరిదిద్దవలసి వచ్చెను. 1948లో బోల్టన్, స్టాన్లీలు పరికరములతో న్యూజీలండునకు పోయి, తూర్పుతీరమున ఉదయమును, పడమటితీరమున అస్తమయమును రెండింటిని కొలిచిరి. 1949లో మూడు చిరునామాలు వెలువడినవి. మొదటిది వృషభరాశిలోని పీత నీహారిక. 1054లో చీనావారు చూచి వ్రాసియుంచిన నక్షత్రవిస్ఫోటపు శేషము. రెండవది కన్యారాశిలోని ఎం87. మూడవది దక్షిణాకాశమందలి సెంటారస్ మండలములోనిది. తక్కిన రెండును మన పాలపుంతకు ఆవలి మహానీహారికలు. అంత దూరమునుండి అంత బిగ్గరగ ఏదైన పలుకునా అని ఆ శోధకులే సంకోచించి, ఆ మాటను గట్టిగ చెప్పలేదు.

సంకోచము తీర్చినది మరియొక చిరునామా. హంసమండలములోని గొప్ప రేడియోతార యొకటి అప్పటికి దొరకని దొంగవలె నుండెను. కేంబ్రిడ్జిలో గ్రాహమ్ స్మిత్, యుద్ధమున పట్టుబడిన జర్మను రాడారుల పళ్లెములు రెండింటిని జతచేసి, 1951లో దాని స్థానమును సుమారు ఒక కళకు నిర్ణయించెను. ఆ చిరునామాను అందుకొని పాలోమార్ కొండమీది 200 అంగుళముల దూరదర్శినితో బాడె, మిన్‌కోవ్‌స్కీలు వెదకగా, అచ్చట సెకనుకు సుమారు 17,000 కిలోమీటర్ల వేగమున మననుండి తొలగిపోవు మసకనీహారిక కనబడినది. దూరము సుమారు 75 కోట్ల కాంతిసంవత్సరములు! విశ్వపు పొలిమేరలు చూచుటకు కంటికంటె చెవి మేలన్నమాట నాటితో రుజువైనది.

చిరునామా తప్పిన ఏమగునో 1955 చూపినది. కేంబ్రిడ్జివారు 81.5 మెగాహెర్ట్‌జుల వద్ద 1,936 తారల పట్టిక ప్రకటించిరి. దాని లెక్కలను ఆధారముగ జేసికొని మార్టిన్ రైల్, విశ్వము ఎల్లపుడు ఒకేతీరున ఉండునన్న సిద్ధాంతమును ఖండించెను. సిడ్నీలో మిల్స్, స్లీలు ఇంచుమించు అదే పౌనఃపున్యమున అదే ఆకాశమును వేరు పరికరముతో చూడగా, రెండు పట్టికలును చాలవరకు కలియలేదు. కేంబ్రిడ్జి పట్టికలోని తారలు పెక్కు నిజమైనవి కావు. పరికరపు చూపు మొద్దుగ నుండుటచే నాలుగైదు మసక తారలు కలిసి ఒకటిగ తోచినవి. 1959లో 159 మెగాహెర్ట్‌జుల వద్ద మరల కూర్చిన మూడవ పట్టికలో 471 మాత్రమే మిగిలినవి. విశ్వము మారుచున్నదన్న రైల్ తీర్పు తుదకు నిలిచినది. కాని నాడు చూపిన సాక్ష్యము అందుకు చాలినది కాదు. రెండు ఖండముల పండితులు ఏండ్లతరబడి వాదులాడుకొనుటకు మూలము సిద్ధాంతము కాదు, కొలత. అదే రైల్, ఏరియళ్లను ఒకచోటినుండి మరియొకచోటికి జరుపుచు పెద్ద పళ్లెముపాటి చూపు సాధించు పద్ధతిని అభివృద్ధిచేసి 1974లో నోబెల్ బహుమానమందెను.

నడుమ చంద్రుడును ఒక చేయి వేసెను. చంద్రబింబము రేడియోతారను కప్పు క్షణము తెలిసిన, చంద్రుని అంచు ఎచ్చటనున్నదో పంచాంగము చెప్పును గనుక, తార స్థానము వికళవరకు తేలును. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ పళ్లెముతో సిరిల్ హాజర్డ్ బృందము 3సి 273 అను తారకు ఈ విధముగ స్థానము కట్టెను. 1963లో మార్టెన్ ష్మిట్ ఆ చోటనున్న చుక్క చుక్క కాదనియు, బహుదూరపు క్వాసరనియు తెలిపెను. ఈ పద్ధతినే నమ్మి గోవింద్ స్వరూప్ ఉదకమండలమున 530 మీటర్ల పొడవును, 30 మీటర్ల వెడల్పును గల దూరదర్శినిని 1970 నాటికి నిలిపిరి. ఆ తావు అక్షాంశము 11 డిగ్రీలు. ఎన్నుకొన్న కొండవాలు కూడ 11 డిగ్రీలే. అందుచే దాని ఇరుసు భూమి ఇరుసునకు సమాంతరమైనది. ఇంతటి సులువైన తెలివి నాకు మరెచ్చటను కనబడలేదు. అయితే చంద్రుడు తన బాటన పడు తారలను మాత్రమే కప్పును. తక్కిన ఆకాశమునకు ఏరియళ్ల జతలే గతి.

ఇక మన అక్షాంశమునకు వత్తము. తిరుపతి జిల్లాలో పులికాటు సరస్సునకు ఆవల శ్రీహరికోట అక్షాంశము సుమారు పదమూడున్నర డిగ్రీలు. అదే రేఖవెంబడి పడమరకు పోయిన, తిరుపతి సమీపమున గాదంకి తగులును. అచ్చట 1,024 యాగీ ఏరియళ్లతో 53 మెగాహెర్ట్‌జుల రాడారు కలదు. వాతావరణపు పై పొరలను శోధించుట దాని పని. ఇంకను పడమరకు పోయిన, మన హిందూపురమునకు పొరుగున, తెలుగు మాట ధారాళముగ వినబడు కన్నడ సీమలో గౌరీబిదనూరు కలదు. ఈ మూడును ఇంచుమించు ఒకే గీతమీద ఉన్నవి. శ్రీహరికోట నడినెత్తిన నిలిచిన తార పదునొకండు నిమిషములకు గౌరీబిదనూరు నడినెత్తికి వచ్చును. పైన చెప్పిన కన్యారాశి నీహారిక ఈ గీతకు ఒక డిగ్రీ చిల్లర దక్షిణముగ, దాదాపు తలమీదుగనే పోవును.

గౌరీబిదనూరున భారత ఖగోళభౌతిక సంస్థయు, రామన్ పరిశోధన సంస్థయు కలిసి, సిహెచ్. వి. శాస్త్రిగారి చొరవతో, 1970 దశకమున ఒక రేడియో దూరదర్శిని నిర్మించినవి. దానికి పళ్లెము లేదు. పొలములలో కొయ్యలు నాటి తీగలు కట్టినట్లు వేయి ద్విధ్రువ ఏరియళ్లు, ఆంగ్ల "టి" అక్షరపు ఆకృతిలో తూర్పుపడమరలుగ సుమారు 1.4 కిలోమీటర్లును, దక్షిణముగ అర కిలోమీటరును పరచియున్నవి. పనిచేసిన పౌనఃపున్యము 34.5 మెగాహెర్ట్‌జులు; తరంగదైర్ఘ్యము 8.7 మీటర్లు. దీనితో ద్వారకానాథ్, ఉదయశంకర్‌లు కూర్చిన ఆకాశపటము 1990లో వెలువడినది. అంత తక్కువ పౌనఃపున్యమున అంత విశాలముగ ఆకాశమును చిత్రించిన పటములు లోకమున బహు కొద్ది. దాని చూపు 26 కళలు ఒకవైపు, 42 కళలు మరియొకవైపు. అనగా దాదాపు చంద్రబింబమంత మసక. ఇంతకంటె సూక్ష్మము కావలెనన్న ఏరియళ్లను ఇంకను దూరము జరుపవలెను. అచ్చటనే అసలు చిక్కు ఎదురగును.

భూమికి వంద కిలోమీటర్లకు పైబడి సూర్యరశ్మిచే అణువులు చీలి విద్యుత్కణములు తేలియాడు పొర అయనావరణము. షార్ట్‌వేవు ప్రసారములు దూరదేశములనుండి మన ఇండ్లకు వచ్చుట దాని చలువయే. శ్రోతలకు మేలు చేయు ఆ పొరయే జ్యోతిశ్శాస్త్రజ్ఞునకు కీడు చేయును. అది సమముగ పరచుకొన్నచో చిక్కు లేదు. ఒకచోట దట్టముగ, ఒకచోట పలుచగ నుండుటచే దానిలో దూరివచ్చు తరంగము వంగి, తార తనచోట కాక ప్రక్కచోట ఉన్నట్లు తోచును. చెరువునీరు కదలుచుండగా అడుగున పడిన నాణెము అటునిటు జరుగుట చూచినవారికి ఇది సుబోధము. ఈ జరుగుట తరంగదైర్ఘ్యపు వర్గమును అనుసరించును. రెండు మీటర్ల తరంగమునకు జరిగినదానికంటె గౌరీబిదనూరు తరంగమునకు సుమారు పందొమ్మిది రెట్లు జరుగును. ఏరియళ్లు దూరమగుకొలది ఒక్కొక్కటి వేరువేరు అయనావరణపు ముక్కద్వారా చూచును గనుక వాని పొంతన చెడును.

అందును మన తావు మరింత కఠినము. భూమి అయస్కాంత మధ్యరేఖ దక్షిణభారతపు కొనకు సమీపమున పోవుచున్నది. పగటివేళ అచ్చటి విద్యుత్కణములు పైకెగసి, ఉత్తర దక్షిణములకు జారి, కుప్పలు పడును. ఆ మధ్యరేఖకును, మధ్యభారతముమీది కుప్పకును నడుమ వాలులో మన సీమ ఉన్నది. సూర్యాస్తమయము పిమ్మట ఆ పొర అడుగునుండి బుడగలు లేచి పైకి ప్రాకును. అవి తరంగములను మినుకుమినుకుమనిపించును. గాదంకి రాడారు ఈ బుడగలను ఏండ్లుగ పట్టి చూపుచున్నది. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఎగసిన శ్రీహరికోటయు ఈ శోధనలో పాలుపంచుకొన్నది. ఉపగ్రహములమోతలో జనులు మరచిపోవు చిన్న రాకెట్లు ఆ పొరలోనికే పోయి కొలతలు తెచ్చును. 2021 మార్చి 12న అచ్చటినుండి ఎగసిన ఆర్.హెచ్.-560 రాకెట్టు పని పై వాయువుల గాలులను, విద్యుత్కణముల నడకను కొలుచుటయే.

శత్రువును కొలిచినగాని జయింపలేము. వర్గసూత్రమే ఇందుకు ఆయుధమైనది. 2013 జూలై 1న శ్రీహరికోటనుండి మొదటిది ఎగసిన నావిక్ దిశానిర్దేశక ఉపగ్రహములు రెండు పౌనఃపున్యములలో పలుకును: 1176 మెగాహెర్ట్‌జులు, 2492 మెగాహెర్ట్‌జులు. అయనావరణము మొదటిదానిని రెండవదానికంటె నాలుగున్నర రెట్లు ఆలస్యము చేయును. ఆ తేడాను చూచిన, దారిలో ఎన్ని విద్యుత్కణములున్నవో లెక్క తేలును. ఓడకు, విమానమునకు స్థానము సరిపడును. రేడియో దూరదర్శినులకును ఇట్టి ఉపగ్రహములు చెప్పు లెక్క మొదటి సవరణగ పనికివచ్చును. మిగిలిన సవరణ ఆకాశమునే అడిగి తెలిసికొందురు. స్థానము ముందే గట్టిగ తెలిసిన తారలు ప్రతిదిక్కున కొన్ని ఉన్నవి. అవి ఈ నిమిషమున ఎంత జరిగినట్లు కనబడుచున్నవో చూచి, ఆ దిక్కునందలి తక్కిన తారలను అంత వెనుకకు జరుపుదురు. ఒక్కొక్క దిక్కునకు ఒక్కొక్క సవరణ. నిమిషనిమిషమునకు క్రొత్త సవరణ. గణకయంత్రములు బలపడిన పిమ్మటగాని ఇది సాధ్యము కాలేదు.

ఫలము చూడుడు. పుణె సమీపమున స్వరూప్‌గారే పూనికతో నెలకొల్పిన ముప్పది పళ్లెముల మహాదూరదర్శినితో 150 మెగాహెర్ట్‌జుల వద్ద తీసిన ఆకాశచిత్రములను, హుయిబ్ ఇంటెమా మొదలగువారు ఈ విధమైన సవరణలతో మరల శోధించి, 2017లో 6 లక్షల 20 వేల తారల స్థానములను సుమారు రెండు వికళలకు నిర్ణయించిరి. హాలండు కేంద్రముగ యూరపు దేశములలో పరచిన లోఫార్ అను ఏరియళ్ల సముదాయము 2022లో దాదాపు 44 లక్షల తారల పట్టికను వెలువరించినది. అందలి స్థానములు వికళలో అయిదవవంతుకు నిక్కము. జాన్‌స్కీ నాటి పదుల డిగ్రీలు ఎక్కడ, ఇవి ఎక్కడ!

మన రేఖమీదను ప్రయత్నము ఆగలేదు. 1997నుండి గౌరీబిదనూరున సూర్యుని కిరీటావరణమును చిత్రించు రేడియోహీలియోగ్రాఫ్ పనిచేయుట మొదలిడినది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 కొనిపోయిన ప్రధాన కిరీటదర్శినిని నిర్మించినదియు ఆ గౌరీబిదనూరు పరికరము నడపు సంస్థయే. ఒకటి కాంతితో, ఒకటి రేడియోతో అదే కిరీటమును చూచును. రేడియోచూపు కాంతికి సరితూగవలెనన్న అర కిలోమీటరు, కిలోమీటరు ఎడములు చాలవు. ఆ సంస్థ శోధకులు గౌరీబిదనూరును, సుమారు 200 కిలోమీటర్ల దూరపు గాదంకిని జతచేసి, 53 మెగాహెర్ట్‌జుల వద్ద సూర్యుని విని, ఫలితములను 2018లో ప్రకటించిరి. అంత తక్కువ పౌనఃపున్యమున సూర్యుని అంత ఎడముగల ఏరియళ్లతో కొలుచుట అదియే మొదలు. ఇట్టి జతలకు నడుమ తీగ ఉండదు. మిక్కిలి నిక్కమైన గడియారముల సాక్షిగ రెండుచోట్ల తరంగములను నమోదుచేసి, పిమ్మట ఒకచోట కలుపుదురు.

కిరీటములోని అలజడి రేడియోవెలుగును చెదరగొట్టి కళల పర్యంతము విస్తరింపజేయుననియు, అంతకంటె చిన్న బిందువులు ఈ తరంగములకు కనబడవనియు పెక్కుమంది తలచియుండిరి. ఈ జతకు చిక్కిన రేడియోబిందువులు 15 వికళలకు మించలేదు. సూర్యునిమీద 15 వికళలనగా సుమారు 11,000 కిలోమీటర్లు. మన భూగోళపు వ్యాసముకంటె తక్కువ.